ఇంటి సాలీడు

దసరాకో సంక్రాంతికో ముందు తెలుగు ఇళ్ళలో బూజు దులపడం ఒక పెద్ద పని. పొడవాటి కర్రకు చీపురు కట్టి, తలకు గుడ్డ చుట్టుకొని, దూలాల సందులు, అటకల మూలలు, తలుపుల వెనుక భాగాలు దులుపుతారు. కర్రకు చుట్టుకొని వచ్చే ఆ బూడిదరంగు దారపు ముద్ద నిజానికి ధూళి పట్టిన పాత సాలెగూడు. దానిని అల్లిన జీవి చాలాసార్లు అప్పటికే వేరొక మూలకు తరలిపోయి ఉంటుంది. ఒక్కొక్కప్పుడు మాత్రం అది కర్ర వెంబడి జారి, దులిపేవారి భుజంమీద పడుతుంది. అప్పుడు ఇంట్లో రేగే కలకలం ఇంతా అంతా కాదు. పాకితే పొక్కులు లేస్తాయని ఒకరు, కరిస్తే పుండు పడుతుందని మరొకరు, దాని మూత్రం తగిలినా చాలునని ఇంకొకరు హెచ్చరిస్తారు. ఈలోగా ఎవరో చెప్పు తీసుకొని రానే వస్తారు. ఈ భయంలో నిజమెంత? ఆ పొక్కులకు అసలు కారణమేమిటి? ఇవి వినోదం కోసం వేసుకొనే ప్రశ్నలు కావు. వీటికి తప్పు సమాధానం చెప్పుకొన్నందువల్ల నెలల తరబడి బాధపడినవారు, కంటిచూపునకు ముప్పు తెచ్చుకొన్నవారు ఉన్నారు.

సాలీడు అనే పేరులోనే దాని వృత్తి ఉన్నది. సాలె అంటే నేతపని. సాలీడు అంటే నేతగాడు. మగ్గం లేకుండా, నూలు కొనకుండా, తన శరీరంలో పుట్టిన దారంతోనే వల నేసే ఈ చిన్న జీవికి ఆ పేరు పెట్టిన పూర్వుల పరిశీలనాశక్తి మెచ్చదగినది. సంస్కృతంలోనూ ఇదే భావన కనిపిస్తుంది. తంతువాయ శబ్దానికి నేతగాడనీ, సాలెపురుగనీ రెండర్థాలు. ఊర్ణనాభమనే మరొక పేరుకు నాభియందు ఉన్ని గలదని అర్థం. దారం వెలువడేది నాభినుండి కాదు, ఉదరం కొననున్న సన్నని నాళికల నుండి. అయినా ఆ పేరు పెట్టినవారు దానిని దగ్గరగా కూర్చొని చూశారనడంలో సందేహం లేదు. జగత్సృష్టిని వివరించడానికి ముండకోపనిషత్తు ఈ జీవినే ఉపమానంగా గ్రహించింది. శ్రీకాళహస్తి అనే క్షేత్రనామంలోని 'శ్రీ' సాలెపురుగే. శివలింగంపై తన దారాలతో గుడి అల్లిన ఆ భక్తుని కథను పదహారవ శతాబ్దికి చెందిన ధూర్జటి 'శ్రీకాళహస్తి మాహాత్మ్యము'లో వర్ణించాడు. పురాణంలో ముక్తి పొందిన ఈ ప్రాణికి ఇంట్లో చెప్పుదెబ్బ తప్పడం లేదు.

భయానికి మూలం మూడవ పేరులో దొరుకుతుంది. అది లూత. ఈ శబ్దానికి సాలెపురుగు అనే అర్థంతోపాటు ఒక చర్మవ్యాధి అనే అర్థం కూడా నిఘంటువులలో ఉన్నది. పురుగు పేరు, పొక్కుల పేరు ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. సుశ్రుత సంహితలోని కల్పస్థానం విషాలను గూర్చి చెబుతూ పదహారు రకాల లూతలను పేర్కొన్నది. విశ్వామిత్రునిపై కోపించిన వసిష్ఠుని నుదుటినుండి రాలిన చెమట బిందువులు కోసిన గడ్డిపై పడగా ఈ జీవులు పుట్టాయని అందులో ఒక కథ. వాటి విషం కోరలలోనే గాక లాలాజలంలో, గోళ్ళలో, మలమూత్రాదులలో కూడా ఉంటుందని ఆ గ్రంథం భావించింది. సాలెపురుగు మూత్రం పడితే పొక్కులు వస్తాయని నేటికీ ఇళ్ళలో వినిపించే మాట వెనుక ఇంత పాత చరిత్ర ఉన్నది. సూక్ష్మదర్శిని లేని కాలంలో, సూక్ష్మజీవుల ఊసే తెలియని కాలంలో, చర్మంపై హఠాత్తుగా లేచిన పొక్కులకు కంటికి కనిపించే ఒక కారణాన్ని వెదకడం సహజమే. నిద్ర లేచేసరికి ఒంటిపై పొక్కు, ఎదుట గోడపై సాలీడు; ఇక విచారణతో పనేమున్నది?

వ్యవహారంలో పురుగు అంటున్నా, శాస్త్రరీత్యా సాలీడు కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్ళు, దీనికి ఎనిమిది. కీటకాల శరీరం మూడు భాగాలు కాగా దీని శరీరం శిరోవక్షం, ఉదరం అనే రెండు భాగాలే. రెక్కలు లేవు, మీసాలవంటి స్పర్శశృంగాలు లేవు. తేలు, గోమారి దీనికి దగ్గరి చుట్టాలు. ప్రపంచంలో శాస్త్రజ్ఞులు గుర్తించి పేరుపెట్టిన సాలీళ్ళ జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది. వీటిలో దాదాపు అన్నింటికీ విషగ్రంథులు ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం విని భయపడేవారు తరువాతి వాక్యం కూడా వినాలి: ఆ విషం ఈగలు, దోమలు, బొద్దింకల వంటి చిన్న ప్రాణులను స్తంభింపజేయడానికి ఏర్పడినది. సాలీడు ఆహారాన్ని నమిలి మింగలేదు. పట్టిన పురుగుపై జీర్ణరసాలను వదలి, దానిని ద్రవంగా మార్చి పీల్చుకొంటుంది. మనిషివంటి భారీ ప్రాణి దానికి ఆహారం కాదు. దోమ, నల్లి, గోమారి మనిషి రక్తంతో బ్రతుకుతాయి కనుక వెదుక్కుంటూ వచ్చి కుడతాయి. సాలీడుకు మనిషితో అటువంటి అవసరం లేదు.

ఇంట్లో ఉండే సాలీళ్ళన్నీ ఒకే రకం కావు. పైకప్పు మూలల్లో తలకిందులుగా వ్రేలాడుతూ, వెంట్రుకల వంటి పొడవాటి కాళ్ళతో కనిపించేది ఒకటి. శాస్త్రజ్ఞులు దానిని క్రాసోప్రైజా లయోనై అంటారు. బియ్యపు గింజంత శరీరం, దానికి పదింతలు అనిపించే కాళ్ళు. దాని వలకు ఆకారమంటూ ఉండదు. దారాలు అడ్డదిడ్డంగా సాగి ఉంటాయి. బూజులో ఎక్కువ భాగం దీని చలవే. చీపురు పుల్లతో వలను తాకితే అది పారిపోదు. ఒళ్ళంతా గిరగిర ఊగిస్తూ, కంటికి రూపం అందనంత వేగంగా కంపిస్తుంది. శత్రువును తికమకపెట్టే ఉపాయమది. ఆడది గుడ్లన్నింటినీ కొద్దిపాటి దారంతో ముడివేసి, పిల్లలు వచ్చేవరకు నోట కరచుకొని తిరుగుతుంది. దోమలు దీని వలలో తరచుగా చిక్కుతాయి. ఈ కుటుంబానికి చెందిన సాలీళ్ళ విషం లోకంలో కెల్లా ఘోరమైనదనీ, కోరలు పొట్టివి కావడంవల్ల మాత్రమే మనుషులు బ్రతికిపోతున్నారనీ ఒక ప్రచారం చాలా దేశాలలో ఉన్నది. ఆ మాటకు ఆధారం లేదు.

గోడలపై పగటిపూట తిరుగుతూ, ఎగిరి దూకే చిన్న సాలీడు మరొకటి. ఇది వల అల్లదు. ఎనిమిది కళ్ళలో ముందున్న రెండు పెద్దవి. వాటితో అది స్పష్టంగా చూడగలదు. ఎవరైనా దగ్గరకు వెడితే తల తిప్పి వారివైపే చూస్తుంది. ఈగను గమనించి పిల్లివలె నెమ్మదిగా సమీపించి, గోడకు ఒక దారపు కొసను అతికించి, హఠాత్తుగా లంఘిస్తుంది. గురి తప్పినా ఆ దారమే దానిని పడిపోకుండా కాపాడుతుంది. దాని కాళ్ళలో దూకడానికి తగిన గొప్ప కండరాలేవీ లేవు. దేహంలోని ద్రవాన్ని ఒక్కసారిగా కాళ్ళలోకి ఒత్తడంవల్ల అవి చాచుకొంటాయి. చచ్చిన సాలీడు కాళ్ళు ముడుచుకొని ఉండడానికి కారణం కూడా ఇదే. ఒత్తిడి పోయిన తరువాత కాళ్ళను చాచే శక్తి మిగలదు. పరిశీలించదలచిన విద్యార్థికి ఇంతకంటె మంచి నేస్తం ఇంట్లో మరొకటి లేదు.

ఎక్కువమంది భయపడేది ఈ రెండింటికీ కాదు. రాత్రివేళ స్నానాలగది దీపం వేయగానే గోడపై అరచేయంత వెడల్పున కాళ్ళు చాచి కదలకుండా ఉండే గోధుమరంగు సాలీడును చూసి గుండె ఝల్లుమనని వారు అరుదు. దాని పేరు హెటెరోపోడా వెనటోరియా. వెనటోరియా అంటే లాటిన్ భాషలో వేటాడేది అని అర్థం. 1767లో లిన్నేయస్ దీనికి ఆ పేరు పెట్టాడు. పేరుకు తగినట్లే ఇది వల పన్నదు, వేటాడుతుంది. దీనికి ప్రీతికరమైన ఆహారం బొద్దింక. కాళ్ళతో సహా కొలిస్తే పన్నెండు సెంటీమీటర్ల వరకు ఉంటుంది. శరీరం బల్లపరుపుగా ఉండడంవల్ల తలుపు సందులోకి, క్యాలెండరు వెనుకకు క్షణంలో జారుకోగలదు. ఓడల సరుకులతోపాటు ప్రయాణించి ఇది ప్రపంచంలోని ఉష్ణమండల దేశాలన్నింటికీ వ్యాపించింది. ఆడది తెల్లని నాణెంవంటి గుడ్ల సంచిని పొట్టకింద పట్టుకొని తిరుగుతుంది. ఆ సమయంలో దానిని చేతితో నలిపినా, బట్టల మధ్య ఒత్తినా కరవగలదు. కరచిన చోట నొప్పి, కొద్దిపాటి వాపు కలుగుతాయి. తేనెటీగ కుట్టినంత బాధ అనుకోవచ్చు. కొద్ది గంటలలో అది తగ్గిపోతుంది. అంతకుమించిన ప్రమాదం దీనివల్ల లేదు. చూడడానికి ఎంత భయంకరమో, చేయడానికి అంత నిరపాయకరం.

విషమే లేని సాలీడు కూడా ఇళ్ళలో ఉంటుందని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. జోసిస్ జెనిక్యులేటా అనే జాతి ఉష్ణమండలపు ఇళ్ళలో, కొట్టాలలో కనిపిస్తుంది. దీని కుటుంబానికి విషగ్రంథులు లేవు. చిక్కిన పురుగును దారంతో చుట్టి చుట్టి, కదలలేనంత గట్టిగా బిగించి తింటుంది. చెప్పుదెబ్బ పడేటప్పుడు మాత్రం దీనికీ మినహాయింపు లేదు.

ఇక ఇంటి సాలీళ్ళు కరుస్తాయా అన్న ప్రశ్న. కరవగలవు గాని దాదాపుగా కరవవు. చాలా జాతుల కోరలు మనిషి చర్మాన్ని చీల్చలేనంత చిన్నవి. చీల్చగలిగినవి కూడా తప్పించుకొనే దారి ఉన్నంతవరకు పారిపోవడానికే ప్రయత్నిస్తాయి. విషం తయారు కావడానికి వాటికి శక్తి, కాలం రెండూ వ్యయమవుతాయి. ఆహారంగా పనికిరాని ప్రాణిపై దానిని వృథా చేయడం వాటికి నష్టం. తొడుక్కొనే చొక్కాలోనో, చెప్పులోనో, పక్కదుప్పటిలోనో చిక్కి నలిగినప్పుడు మాత్రమే సాలీడు ఆత్మరక్షణకై కరుస్తుంది.

దీనికి ఒక గట్టి దృష్టాంతం అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లభించింది. బ్రౌన్ రిక్లూజ్ అనే సాలీడు ఆ దేశంలో నిజంగానే ప్రమాదకరమైనది. దాని విషం కొందరిలో చర్మం కుళ్ళేటట్లు చేస్తుంది. అటువంటి సాలీళ్ళు కాన్సాస్‌లోని ఒక ఇంట్లో ఆరు నెలలలో 2,055 దొరికాయి. ఆ ఇంట్లో ఒక కుటుంబం ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నది. ఆ కుటుంబంలో ఒక్కరికి కూడా సాలీడు కాటు తగలలేదు. ఈ పరిశీలన 2002లో ప్రచురితమైనది. అదే సంవత్సరం ఆస్ట్రేలియాకు చెందిన ఇస్‌బిస్టర్, గ్రే అనే పరిశోధకులు 750 సాలీడు కాట్లను పరిశీలించి ఒక నివేదిక వెలువరించారు. దాని విలువంతా వారు పెట్టుకొన్న నియమంలో ఉన్నది. కరుస్తుండగా రోగి చూసి ఉండాలి, ఆ సాలీడును పట్టి తేవాలి, నిపుణుడు దాని జాతిని నిర్ధారించాలి. 'సాలీడే అయి ఉంటుంది' అన్న ఊహకు అందులో చోటు లేదు. అట్లా వడపోసిన 750 కాట్లలో చర్మం కుళ్ళి పుండుపడినది ఒక్కటి కూడా లేదు. ఆస్ట్రేలియాలో విషసాలీళ్ళు లేక కాదు. ఉన్నవాటి విషయంలో కూడా ఫలితం ఇది.

మన దేశంలో జాగ్రత్త పడవలసిన సాలీళ్ళు లేకపోలేదు. నాడీమండలంపై పనిచేసే విషంగల లాట్రోడెక్టస్ ప్రజాతికి చెందినవి అక్కడక్కడ నమోదయ్యాయి. చెట్ల తొర్రలలో నివసించే పెద్ద సాలీళ్ళు కొన్ని ఉన్నాయి. వాటిలో లోకప్రసిద్ధమైనది తెలుగునేలదే కావడం విశేషం. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు అనంతపురం ప్రాంతంలోని గుత్తి పేరు ముడిపడిన ఒక సాలీడును వర్ణించాడు. గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన ఆ సాలీడుకు పీసిలోథీరియా మెటాలికా అని పేరు. దాని ఒళ్ళు లోహపు మెరుపుగల నీలిరంగు. ఆ తరువాత వంద సంవత్సరాలపాటు అది ఎవరికీ కనబడలేదు. చివరకు 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్యనున్న అడవిలో మళ్ళీ బయటపడింది. అడవినుండి వచ్చిన కలపతోపాటు రైలెక్కి అది గుత్తి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇది కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరాల పట్లు కలుగుతాయి. మనిషి మరణించిన దాఖలా లేదు. కాని ఇది ఇళ్ళలోకి వచ్చేది కాదు, పాత చెట్ల తొర్రలు దాటి బ్రతికేది కాదు. ఆ చెట్లు తరిగిపోవడంవల్ల, దాని అందానికి ఆశపడి విదేశాలలో పెంచుకొనేవారికి పట్టి అమ్మడంవల్ల అదే ప్రమాదంలో పడింది. అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో 2008లో దీనిని చేర్చారు.

విషంకంటె వదంతి వేగంగా పాకుతుందనడానికి అస్సాంలో జరిగిన ఒక సంఘటన ఉదాహరణ. 2012లో తిన్‌సుకియా జిల్లాలోని సదియా ప్రాంతంలో పెద్ద సాలీళ్ళు గుంపులుగా వచ్చి కరుస్తున్నాయని, ఇద్దరు మరణించారని వార్తలు వెలువడ్డాయి. ప్రజలు రాత్రిళ్ళు నిద్ర మానుకొని కాపలా కాశారు. శాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్ళి పరిశీలించారు. మరణాలకు సాలీడు విషమే కారణమని నిర్ధారణ కాలేదు. కాటు తగిలిందనుకొన్నవారు మొదట నాటువైద్యుల వద్దకు వెళ్ళగా, అక్కడ బ్లేడుతో గాయాన్ని కోసి రక్తం తీశారని మాత్రం వెల్లడైంది. అటువంటి కోతవల్ల కలిగే హాని ఎంతటిదో వైద్యులకు తెలుసు.

మరి సాలీడు కాకపోతే ఆ పొక్కులెవరివి? ఇక్కడే కొంత నింపాదిగా ఆలోచించాలి. సాలీడు పాకిందని ఇళ్ళలో చెప్పుకొనే పొక్కులలో ఒక రకానికి కారణం సర్పి, అంటే హెర్పిస్ జోస్టర్ అనే వ్యాధి. చిన్నతనంలో ఆటలమ్మ వచ్చి తగ్గిన తరువాత ఆ వైరస్ శరీరాన్ని విడిచిపోదు. వెన్నుపాము పక్కనున్న నాడుల ముడులలో నిద్రాణంగా ఉండిపోతుంది. పదేళ్ళకో, నలభై ఏళ్ళకో, వయస్సు మీరినప్పుడో, వేరొక జబ్బుతో శరీరం నీరసించినప్పుడో అది మేల్కొని ఒక నాడి వెంబడి చర్మానికి చేరుతుంది. మొదట ఒకటి రెండు రోజులు మంట, పోటు. తరువాత ఎర్రని నేలపై గుంపులుగా నీటిపొక్కులు. నడుముకో, ఛాతీకో, ముఖానికో ఒక ప్రక్కనే పట్టీవలె లేచి, శరీరపు మధ్యరేఖ దగ్గర ఆగిపోతాయి. ఎవరో గీత గీసి ఆపినట్లుండే ఈ లక్షణం ఒక్కటే సాలీడును నిర్దోషిగా నిలబెట్టడానికి చాలు. పాకే జీవి ఏదైనా సరిగ్గా వెన్నుపూస దగ్గర మొదలుపెట్టి, బొడ్డు దగ్గర ఆగి, రెండవ ప్రక్కకు అడుగుపెట్టకుండా వెనుదిరుగుతుందా?

పేరు తప్పినంతమాత్రాన నష్టమేమని అడగవచ్చు. నష్టం కాలంలో ఉన్నది. ఈ వ్యాధికి వైరస్‌ను అదుపుచేసే మందులున్నాయి. పొక్కులు కనిపించిన 72 గంటలలోగా మొదలుపెడితే వాటివల్ల ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. సాలీడు పాకిందని తేల్చుకొన్న ఇంట్లో ఆ మూడు రోజులు ఆకు పసరు పూయడంలో, మంత్రం వేయించడంలో గడిచిపోతాయి. పొక్కులు ఎలాగూ రెండు మూడు వారాలలో మాడిపోతాయి కనుక పసరుకు, మంత్రానికి పేరు వస్తుంది. కాని వృద్ధులలో కొందరికి పొక్కులు మానిన తరువాత కూడా నాడీశూల నెలల తరబడి, ఒక్కొక్కరికి సంవత్సరాల తరబడి వేధిస్తుంది. చొక్కా అంచు తగిలినా భరించలేని బాధ అది. అంతకంటె ఘోరం, నుదురు, కంటిరెప్ప, ముక్కు ప్రాంతంలో పొక్కులు రావడం. ముఖ్యంగా ముక్కు కొనపై పొక్కు లేస్తే వ్యాధి కంటిని ఆశ్రయించే అవకాశం ఎక్కువని వైద్యులు గుర్తిస్తారు. అప్పుడు ఒక రోజు ఆలస్యం కూడా చూపుకు చేటు తేవచ్చు. యాభై ఏళ్ళు దాటినవారికి ఈ వ్యాధి రాకుండా వేసే టీకా ఒకటి 2023లో మన దేశంలో ప్రవేశించింది.

రెండవ దోషి రెక్కలున్నది. వానాకాలంలో, వరిచేల సమీపంలోని ఊళ్ళలో, దీపాల చుట్టూ ముసిరే పురుగులలో సన్నని పెంకుపురుగు ఒకటి ఉంటుంది. సెంటీమీటరుకు మించని పొడవు, నారింజ నలుపు రంగుల పట్టీలు, పొట్టి రెక్కలు. తొందరపాటులో చీమ అనిపిస్తుంది. దీని పేరు పీడెరస్. పొలంలో ఇది వరిని ఆశించే పురుగులను తిని రైతుకు మేలు చేస్తుంది. మనిషిని కుట్టదు, కరవదు. కాని దీని దేహద్రవంలో పెడెరిన్ అనే తీవ్రమైన పదార్థం ఉన్నది. మెడమీద వాలినదానిని నిద్రలో అరచేత్తో రుద్దితే ఆ ద్రవం చర్మంపై పూసుకొంటుంది. వెంటనే ఏమీ తెలియదు. ఒక రోజు గడిచిన తరువాత రుద్దిన దారి వెంబడి కాలినట్లు ఎర్రని చార, దానిపై పొక్కులు బయలుదేరుతాయి. మోచేతి మడతవంటి చోట పడితే మడతకు రెండువైపులా అద్దంలో చూసినట్లు ఒకే ఆకారపు మచ్చలు ఏర్పడతాయి. ఆ వేళకు పురుగు ఎక్కడ ఉన్నది? ఊడ్చిన చెత్తలో పోయింది. గోడమీద మిగిలినది సాలీడు. నింద దానిపై పడింది.

మిగిలినవాటిని ఎక్కువగా విస్తరించి చెప్పనవసరం లేదు. ఒకే వరుసలో మూడు నాలుగు దద్దుర్లు లేస్తే పరుపు కుట్లలో నల్లులకోసం వెదకాలి. ఎర్రగా వాచి, నడుమ చీముపట్టి, సలుపుతూ ఉన్నది సెగగడ్డ. అది సూక్ష్మజీవులవల్ల కలిగేది. మధుమేహం ఉన్నవారు దానిని సాలీడు కాటని ఉపేక్షిస్తే పుండు లోతుకు దిగుతుంది. రెండు చుక్కల గాయం కనిపిస్తే సాలీడు కాటేనన్న నమ్మకం కూడా సరి కాదు. ఇంటి సాలీళ్ళ కోరలు అంత చిన్నవి, అంత దగ్గరవి.

నిజంగానే సాలీడు కరవడం కళ్ళారా చూస్తే చేయవలసినది స్వల్పం. ఆ చోటును సబ్బుతో, నీటితో శుభ్రంగా కడగాలి. గుడ్డలో చుట్టిన మంచుముక్కను కొంతసేపు ఉంచితే నొప్పి, వాపు తగ్గుతాయి. కోయడం, నోటితో పీల్చడం, తాడు కట్టడం, సున్నం పెట్టడం పనికిరావు. సాలీడును సీసాలో పట్టగలిగితే, లేదా ఫోటో తీయగలిగితే వైద్యునికి ఎంతో ఉపయోగం. ఒళ్ళంతా చెమటలు పట్టి, కడుపులోనో వీపులోనో కండరాలు బిగుసుకొన్నా, ఊపిరి అందకపోయినా, ఎర్రదనం గంటగంటకూ వ్యాపిస్తున్నా ఆసుపత్రికి వెళ్ళడంలో ఆలస్యం చేయరాదు. శరీరానికి ఒక ప్రక్కనే పొక్కులు లేచినప్పుడు మాత్రం సాలీడు కోసం గోడలు వెదకవలసిన పని లేదు. ఆ రోజే వైద్యుని కలవాలి. వానాకాలపు రాత్రులలో దీపం క్రింద పనిచేసేవారు మెడపై ఏదైనా పాకినట్లనిపిస్తే దానిని నలపక, నోటితో ఊది లేదా కాగితంతో తొలగించి, ఆ చోటును సబ్బుతో కడుక్కోవాలి.

ఇంట్లో సాలీడును ఉండనివ్వడమా, పంపివేయడమా అన్నది ఇంటివారి ఇష్టం. పంపివేయదలచినవారికి చెప్పు అవసరం లేదు. గోడపై నిలిచిన సాలీడుపై ఒక గాజుగ్లాసు బోర్లించి, గోడకు గ్లాసుకు మధ్య గట్టి అట్టను మెల్లగా జరిపితే అది లోపల చిక్కుతుంది. కాలు నలగకుండా అట్టను నెమ్మదిగా జరపాలి. పెరట్లోని గోడవద్ద గ్లాసును పడుకోబెట్టి అట్ట తీస్తే చాలు, అది తన దారిన తాను వెళుతుంది. హెటెరోపోడావంటి పెద్దదానికి గ్లాసు చాలదు, వెడల్పాటి డబ్బా కావాలి. అది వెళ్ళిన తరువాత ఆ ఇంట్లో బొద్దింకల సంఖ్య పెరిగితే దానికి బాధ్యత సాలీడుది కాదు.